ఆసుపత్రి వార్డులో సిస్టరు పెద్దరికము

ఆసుపత్రి అనగానే మనకు ముందుగా జ్ఞప్తికి వచ్చువాడు డాక్టరు. పెద్ద డాక్టరుగారు ఉదయము ఒకమారు, సాయంకాలము ఒకమారు వార్డునకు వచ్చి, ఒక్కొక్క మంచముకడ రెండు మూడు నిమిషములు నిలిచి, వ్రాయవలసినది వ్రాసి వెళ్ళుదురు. తక్కిన కాలమంతయు రోగి నర్సుల చేతిలో ఉండును. మందు వేళకు పడుట, సెలైను ఆగిపోకుండ చూచుట, జ్వరము పెరిగినదని కనిపెట్టుట, కదలలేని రోగికి ఒరుపుపుండ్లు పడకుండ రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పుట, ఇవన్నియు వారి పనులే. ఈ పనులు ఒక వార్డులో చక్కగా జరుగుచుండగా, అదే ఆసుపత్రిలో, అవే జీతములమీద, ప్రక్క వార్డులో ఏల జరుగవు? అనేక వార్డులను చూచిన పిమ్మట మాకు తోచిన సమాధాన మొకటే: ఆ వార్డునకు పెద్ద ఎవరు? హెడ్ నర్సు అనుడు, ఇన్‌చార్జి సిస్టరు అనుడు, పేరేదైనను ఆమె పెద్దరికమునుబట్టియే వార్డు నడచును.

సమర్థురాలైన సిస్టరు ఎట్లుండునన్న విషయమున లోకులకు కొన్ని అభిప్రాయములు కలవు. సిస్టరు వచ్చుచున్నదనగానే ఆయాలు మాటలు కట్టివేసి, స్టాఫ్ నర్సులు కేసు షీట్లు సవరించుకొని, రోగుల బంధువులు సంచులను మంచముల క్రిందికి త్రోసివేసినచో, ఆమె గట్టి మనిషి అని పేరు. మరికొందరు సిస్టర్లు ఇంత గద్దింపు ఎరుగరు గాని ఎవ్వరిని నమ్మరు. దొరకని రక్తనాళమును వెదకవలెనన్నను తామే, కష్టమైన కట్టు కట్టవలెనన్నను తామే. వారి శ్రమను చూచి అందరును మెచ్చుకొందురు, మేమును మెచ్చుకొందుము. కాని ఈ ఇరువురి వార్డులను ఆదివారము రాత్రి రెండు గంటలకు చూడవలెను. మొదటి సిస్టరు ఇంట నిద్రించుచున్నది గనుక వార్డులో భయము లేదు. భయము లేదు గనుక పనియు లేదు. రెండవ సిస్టరు ఎవరికిని నేర్పలేదు గనుక, పని చేయవలెనని ఉన్నను చేతనైనవారు లేరు. రోగి జబ్బు మాత్రము ఆదివారమని ఆగదు.

ఈ సంగతిని 160 ఏండ్లకు పూర్వమే ఫ్లారెన్సు నైటింగేలు గ్రహించినది. మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఆమె దీపము చేతబట్టుకొని రాత్రివేళ గాయపడిన సైనికుల మంచముల మధ్య నడచు దయామయి. దయ ఉండెను, సందేహము లేదు. ఆ రాత్రులలోనే ఆమె మేలుకొని గుట్టలకొలది లేఖలు, లెక్కలు వ్రాసిన సంగతి పాఠములలో అంతగా కనుపించదు. 1859 లో ఆమె వ్రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అను చిన్న గ్రంథములో, గాలి వెలుతురులను గూర్చిన అధ్యాయముల తరువాత, చిన్న చిన్న ఏర్పాటులను గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. తాను ఎదుట ఉన్నప్పుడు జరుగు పని, తాను లేనప్పుడును జరుగునట్లు ఏర్పాటు చేయలేనివారి సేవ సగములో చెడునన్నది అందలి సారాంశము. ఆ గ్రంథమంతటిలోను ఈ అధ్యాయమే నేటి సిస్టర్లకు ఎక్కువ అక్కరకు వచ్చునని మా అభిప్రాయము.

క్రిమియా యుద్ధ సమయమున, 1854 నవంబరులో, ఆమె 38 మంది నర్సులతో తుర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరెను. అక్కడ ఆమెకు ఎదురైన మొదటి శత్రువు రోగము కాదు, గిడ్డంగి. సరకు ఓడలమీద వచ్చి గిడ్డంగిలో ఉండియు, అధికారుల బోర్డు కూర్చుండి పరిశీలించి అనుమతి ఇచ్చిన గాని మూట విప్పరాదు. సైనికులు చలిలో వణకుచుండగా చొక్కాలు కట్టలలోనే ఉండెను. ఆమె సుత్తితో గిడ్డంగి తలుపు పగులగొట్టినదని ఒక కథ కూడ పుట్టినది. అది నిజమైనను కాకున్నను, ఆమె చందాల ధనముతో కావలసిన వస్తువులను బయట కొని వార్డులకు ఇచ్చిన మాట మాత్రము నిజము.

ఆ గిడ్డంగి మన వార్డులలో నేటికిని బీరువా రూపమున ఉన్నది. సిస్టరుకు బాధ్యతతోపాటు స్టాకు రిజిస్టరును కూడ అప్పగించుదురు. దుప్పట్లెన్ని, థర్మామీటర్లెన్ని, కత్తెరలెన్ని అని లెక్క చూతురు. లోటు వచ్చినచో సంజాయిషీ. కొన్నిచోట్ల జీతములో కోత. ఇక ఆమె ఏమి చేయును? వ్రేలికి తగిలించి రక్తములోని ఆక్సిజనును చూపు చిన్న పరికరమును మేము ఒక వార్డులో అట్టపెట్టెతో సహా బీరువాలోనే చూచితిమి. కొత్తది, పోవునేమోనని భయము. తాళపుచెవి సిస్టరుగారికడ, సిస్టరుగారు సెలవులో! ఆమెను నిందించుటకు మాకు మనసొప్పలేదు. పోయిన వస్తువునకు సంజాయిషీ అడుగువారున్నారు గాని, వాడని వస్తువునకు అడుగువారు లేరు. మన ఇండ్లలో అత్తగారు తాళపుచెవుల గుత్తిని కోడలి చేతికిచ్చు రోజు ఒకటి వచ్చును. ఇయ్యని ఇంట కోడలు పదియేండ్లు కాపురము చేసినను అతిథియే. మార్ఫీను వంటి మందులు తాళములోనే ఉండవలెను, అది చట్టము. కాని ఆ తాళపుచెవి సైతము డ్యూటీలో ఉన్న నర్సు చేతికి మారుచుండవలెనే గాని సిస్టరుతో ఇంటికి పోరాదు. ప్రాణము మీదికి వచ్చినప్పుడు కావలసిన మందుల ట్రే మాత్రము ఎదుటనే ఉండవలెను. ప్రతి షిఫ్టులోను దానిని ఒకరు సరిచూచి సంతకము చేయవలెను. ఈ ఒక్క ఏర్పాటును చూచి సిస్టరు ఎట్టిదో చెప్పవచ్చును.

స్కుటారిలో 1855 ఫిబ్రవరిలో, ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి సుమారు 42 మంది మరణించుచుండిరి. జూను నాటికి ఆ సంఖ్య నూటికి 2 కు దిగెను. మార్చిలో ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘము వచ్చి మురుగు కాలువలు బాగుచేయించినది. ఆ మార్పునకు అది ఎంతటి కారణమో నైటింగేలుకు అప్పుడు పూర్తిగా తెలియలేదు. 1856 లో స్వదేశమునకు మరలిన తరువాత విలియం ఫార్ అను గణాంకవేత్తతో కూడి అంకెలన్నియు పరిశీలించిన పిమ్మటనే తెలిసినది. ఇది మేము చెప్పుటకు కారణమున్నది. వార్డులో అంకెలు వ్రాయుట గుమాస్తా పని అని తలచు సిస్టర్లు కలరు. ఏ వార్డులోనైనను పది కేసు షీట్లు తీసి ఊపిరి లెక్క వ్రాసిన గడి చూడుడు. తరచుగా ఒకే అంకె కనుపించును: 20, 20, 20. న్యుమోనియా వచ్చినవాడును 20, రేపు ఇంటికి పోవువాడును 20. ఎవరును లెక్కింపలేదన్నమాట. నాడి, జ్వరము యంత్రము చెప్పును. ఊపిరిని నిమిషముపాటు రొమ్ముమీద చూపు నిలిపి లెక్కింపవలెను. రోగి పరిస్థితి విషమించుటకు ముందుగా మారు గుర్తులలో ఊపిరి ఒకటి. మంచి సిస్టరు దీనిని గూర్చి ఉపన్యాసమియ్యదు. రోజునకొక మంచముకడ గడియారము చేతబట్టి నిలిచి తానే లెక్కించును. పది దినములలో వార్డు అంతయు లెక్కించును.

లెక్కించిన అమ్మాయి, ఆ అంకెను ఎవరితోనైన చెప్పగలగవలెను. అసలు కష్టము ఇక్కడనే ఉన్నది. కొత్తగా వచ్చిన స్టాఫ్ నర్సు రాత్రి రెండు గంటలకు డాక్టరును లేపి, “డాక్టరుగారూ, పదకొండవ మంచము రోగి నిమిషమునకు 32 మార్లు ఊపిరి తీయుచున్నాడు, ఒకమారు వచ్చి చూడండి” అని చెప్పుటకు ఎంత ధైర్యము కావలెను! “ఈ మాత్రమునకు లేపితివా?” అని ఒకమారు కసరినచో, మరునాడు రోగి చల్లబడువరకు ఆమె ఫోను ముట్టదు. మనము పెద్దల మాటకు ఎదురాడరాదని పెంపబడినవారము. అది ఇంట శోభించును. వార్డులో దాని వెల వేరు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 2001 లో పీటర్ ప్రోనోవోస్టు అను వైద్యుడు, పెద్ద రక్తనాళములోనికి గొట్టము చొప్పించునప్పుడు సూక్ష్మజీవులు చేరకుండ పాటింపవలసిన 5 అంశములను ఒక కాగితముమీద వ్రాసెను. చేతులు కడుగుకొనుట వాటిలో మొదటిది. అవి ఏ డాక్టరునకు తెలియవు? అయినను నర్సులచేత ఒక నెల గమనింపజేయగా, మూడవ వంతునకు మించిన రోగుల విషయమున ఏదో ఒకటి తప్పుచున్నట్లు తేలెను. అంతట ఆసుపత్రి అధికారులు నర్సులకు ఒక అధికారమిచ్చిరి: అంశము తప్పినచో డాక్టరును ఆపవచ్చును. తరువాత మిషిగన్ రాష్ట్రములో నూరునకు పైగా ఇంటెన్సివ్ కేరు విభాగములలో ఇట్టి పద్ధతిని అనుసరింపగా, ఈ గొట్టములవలన వచ్చు రక్తదోషము ఏడాదిన్నరలో మూడింట రెండు వంతులు తగ్గెను. 2006 లో ఆ ఫలితములను ప్రకటించిరి.

ఆ కాగితము నేడు అన్నిచోట్ల దొరకును. ఆపిన నర్సు వెనుక నిలుచు పెద్దయే అరుదు. “మా అమ్మాయి సరిగనే చెప్పినది, డాక్టరుగారూ” అని పదిమందిలో, మర్యాద తప్పకుండ, గొంతు పెంచకుండ అనగల సిస్టరు ఉన్న వార్డులో తప్పులు దాగవు. తప్పు చేసిన నర్సును అందరి ఎదుట తిట్టు వార్డులో మందు మారిపోయిన సంగతి రిపోర్టు పుస్తకములోనికి ఎక్కదు.

ఇంతవరకు క్రిందివారి విషయము. పైవారితో మాటలాడుట కూడ ఆమె పనియే. ఇద్దరు నర్సులు నలువదిమంది రోగులను చూచు రాత్రి, ఎంతటి సిస్టరైనను ఏమి చేయగలదు? లిండా ఐకెన్ అను పరిశోధకురాలు పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002 లో ఒక సంగతి ప్రకటించెను. శస్త్రచికిత్స చేయించుకొన్నవారి విషయమున, ఒక్కొక్క నర్సుకు అదనముగా చేరిన ఒక్కొక్క రోగివలన, ముప్పది దినములలో మరణము సంభవించు అవకాశము నూటికి 7 చొప్పున పెరుగుచున్నదట. 2014 లో తొమ్మిది ఐరోపా దేశముల పరిశీలనలోను ఇట్టి ఫలితమే వచ్చెను. నర్సుల కొరతను సూపరింటెండెంటుగారికి విన్నవించునప్పుడు “చాల కష్టముగా ఉన్నదండి” అన్న మాట గాలిలో పోవును. ఏ రాత్రి ఎందరు రోగులు, ఎందరు నర్సులు, ఏ ఏ పనులు జరుగలేదు అని మూడు నెలల పట్టిక చేసి బల్లమీద పెట్టు సిస్టరును త్రోసిపుచ్చుట అంత సులభము కాదు. ఇట్టి శిక్షణ మన నర్సులకు పదోన్నతికి ముందుగా ఇయ్యవలెను. చాలచోట్ల సర్వీసునుబట్టి పదోన్నతి వచ్చును. నిన్నటివరకు సూదులు వేసిన చేతికి నేడు డ్యూటీ పట్టికయు, స్టాకు రిజిస్టరును ఇచ్చి, నడుపుమందురు.

ఇక శ్రోతలు చేయదగిన పని ఒకటి కలదు. షిఫ్టు మారువేళ, వెళ్ళు నర్సు వచ్చు నర్సునకు ఒక్కొక్క రోగిని అప్పగించును. మంచి సిస్టరు ఉన్నచోట ఈ అప్పగింత బల్లకడ కాక మంచముకడనే జరుగును. గొట్టము, కట్టు, మూత్రపు సంచి కంటితో చూచి అప్పగింతురు. సరిగా ఆ సమయముననే ఒకరు దుప్పటి కావలెనందురు, మరొకరు డాక్టరుగారు ఎప్పుడు వత్తురందురు, ఇంకొకరు కాఫీ తెచ్చుటకు గేటు చీటీ అడుగుదురు. నడుమ ఆగిన మాటలో ఏ మందు సంగతి జారిపోవునో ఎవరికి తెలియును? మీవారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ పావుగంట వారిని పలుకరింపకుండుడు. మీ మంచము వంతు వచ్చినప్పుడు మాత్రము దగ్గర నిలిచి, రాత్రి మీరు చూచినది, రోగి తినినది, తినలేనిది, కొత్తగా చెప్పిన నొప్పి, ఇద్దరు నర్సులును ఉండగనే చెప్పుడు.