గాలి లెక్క కూడా మనం అడగాలి

(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి కోసం పోరాడాం, నీటి కోసం కొట్లాడాం. గాలి సంగతి మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. దానికి పట్టా లేదు, శిస్తు లేదు కదా అనుకున్నాం. కానీ ఎండిన వడ్ల గింజ బరువులో చాలా భాగం గాలి నుంచి, నీటి నుంచి వచ్చిందే. మట్టి ఇచ్చేది కొద్దిపాటి పోషకాలే. అంటే మనం గాలిని కూడా సాగు చేస్తున్నాం.

ఈ గాలి మొదటినుంచీ ఇలా లేదు. భూమి పుట్టి సుమారు 450 కోట్ల ఏళ్ళయింది. తొలినాళ్ళలో అగ్నిపర్వతాలు కక్కిన నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, నత్రజని ఉండేవి. ప్రాణవాయువు లేనట్టే. ఆవిరి చల్లబడి వానలై కురిసి సముద్రాలు నిండాయి. ఆ నీళ్ళలో, మన వరి మడిలో కనిపించే నీలి ఆకుపచ్చ నాచు లాంటి సూక్ష్మజీవులు ఎండతో ఆహారం తయారు చేసుకుంటూ ప్రాణవాయువును వదిలాయి. మొదట్లో అదంతా నీటిలోని ఇనుమును తుప్పు పట్టించడానికే ఖర్చయింది. సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం గాలిలో నిలవడం మొదలైంది. ఈనాడు గాలిలో నత్రజని 78 శాతం, ప్రాణవాయువు 21 శాతం.

ఆ తర్వాత అడవులు గాలిలోని కర్బనాన్ని పీల్చి నేలలో దాచాయి. సింగరేణి బొగ్గు అలా 25 కోట్ల ఏళ్ళకు ముందే పూడుకుపోయిన చెట్టూ చేమే. కోట్ల ఏళ్ళ ఆ నిల్వను మనిషి రెండున్నర శతాబ్దాల్లో తగలబెడుతున్నాడు. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న బొగ్గుపులుసు వాయువు, 1958లో హవాయి దీవిలో కొలవడం మొదలుపెట్టేనాటికి 315 అయింది. ఇప్పుడు 420 దాటింది.

దీని దెబ్బ మన చేలకే ముందు తగులుతోంది. ఒక డిగ్రీ వేడి పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే కురిస్తే కుండపోత, లేకపోతే బెట్ట. పూత దశలో ఎండ 35 డిగ్రీలు దాటితే వరి తాలు పోతుంది.

మన వంతు తప్పు లేదనడం లేదు. నీళ్ళు నిలిచిన మడి నుంచి మీథేన్ వస్తుంది. ఎక్కువైన యూరియా నుంచి కూడా వేడి పెంచే వాయువు వస్తుంది. ఆరుతడి పెడదాం. జీలుగ, పిల్లిపెసర వేద్దాం. వాటి వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని ఉచితంగానే పట్టి ఇస్తాయి.

కానీ నేరమంతా వరి రైతు నెత్తిన వేస్తే ఒప్పుకోం. మన దేశంలో తలసరి బొగ్గుపులుసు వాయువు ప్రపంచ సగటులో సగం కూడా లేదు. బాధ్యత అందరిదీ అయినా అందరిదీ సమానం కాదని 1992లో రియో సదస్సులో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ మాట మన పొలం గట్టు దాకా రావాలి.

ఇప్పుడు కార్బన్ క్రెడిట్ల పేరుతో ఒప్పంద పత్రాలు పట్టుకుని ఊళ్ళకు వస్తున్నారు. సంతకం పెట్టే ముందు నాలుగు మాటలు అడుగుదాం. ఎన్నేళ్ళ ఒప్పందం? వచ్చే సొమ్ములో రైతు వాటా ఎంత? పంట పోతే ఎవరు భరిస్తారు? సాగు చేసే కౌలు రైతు పేరు అందులో ఉందా? పత్రం తెలుగులో లేకపోతే సంతకమే వద్దు. ముందు సంఘం దగ్గరకు తీసుకురండి, కలిసి చదువుదాం.

గాలిని ఎవరూ ఒక్కరే తయారు చేయలేదు. దాన్ని పాడు చేసిన లెక్క కూడా ఒక్కరే కట్టకూడదు.