దుబాసీ మనవాడు కావాలి

(ఖైరతాబాద్‌లో పల్లె, బస్తీ కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో స్కానర్ గురించి, లినక్స్ గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. "భూమి గురించి చెప్పండి, కేసుల గురించి చెప్పండి, ఈ డబ్బా గొడవ మనకెందుకు?" అన్నారు. మేము భూమి గురించే మాట్లాడబోతున్నాం. మన గూడెంలో ఎకరం అసైన్డ్ భూమి ఉన్న మనిషిని పట్టా ఎక్కడ దాచావని అడగండి. ట్రంకుపెట్టె తెరిచి చూపిస్తాడు. మడతల దగ్గర చిరిగి ఉంటుంది, ముద్ర మాసిపోయి ఉంటుంది. ఆఫీసులో అడిగితే రికార్డు దొరకడం లేదంటారు. అప్పుడు చేతిలో ఉన్న ఆ ఒక్క కాగితమే దిక్కు. దానికి చెద పడితే ఎవరితో చెప్పుకోవాలి?

మన పత్రికల సంగతీ అంతే. భాగ్యరెడ్డి వర్మ 1931లో ఈ హైదరాబాదులోనే 'భాగ్యనగర్' పక్షపత్రిక పెట్టాడు. మన మాట మనమే అచ్చేసుకోవడం ఇవాళ్టి పని కాదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగిన తర్వాత ఎన్ని కరపత్రాలు వచ్చాయి, ఎన్ని చిన్న పత్రికలు వచ్చాయి! అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? కార్యకర్తల ఇండ్లల్లో అటకల మీద, గోనెసంచుల్లో ఉన్నాయి. ఎలుకలకు దొరక్కుండా మిగిలినవి మిగిలాయి.

"కంప్యూటర్లో కంపోజ్ చేశారు కదా, ఆ ఫైళ్లుంటాయి కదా" అంటారు కుర్రవాళ్లు. డీటీపీ వచ్చిన కొత్తలో ఒక్కో కంపెనీ ఫాంటుకు ఒక్కో లెక్క. ఒకరి ఫాంటులో 'క' ఉన్న చోట ఇంకొకరి ఫాంటులో మరో గుర్తు ఉండేది. ఆ ఫాంటు లేకుండా ఆ ఫైలు తెరిస్తే తెలుగు కనబడదు, పిచ్చిగీతలు కనబడతాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మన డీటీపీ గదుల్లోకి అది నడిచి రావడానికి మాత్రం చాలా ఏండ్లు పట్టింది. ఈలోగా ఫ్లాపీలు పాడయ్యాయి, ఫాంటులు మారాయి. రాసింది మనం, అక్షరాల తాళంచెవి మాత్రం అమ్మినవాడి దగ్గర. చివరికి మిగిలింది అచ్చయిన కాగితమే. ఆ కాగితాన్ని మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించే పనిముట్టు ఈ స్కానర్.

పాడవని యంత్రాన్ని పారేశారు

ఇక్కడ బల్ల మీదున్న ఈ యంత్రం ఒక ఆఫీసు వాళ్లు పాత సామానులో వేస్తుంటే మేము తెచ్చుకున్నది. అద్దం పగల్లేదు, దీపం ఆరలేదు. మరి ఎందుకు పారేశారు? కంప్యూటర్లో కొత్త విండోస్ వేసుకున్నారు. దానికి సరిపడే డ్రైవర్ ఈ స్కానర్‌కు లేదు. కొత్త స్కానర్ కొనుక్కున్నారు, ఇది చెత్తయింది. ఇలాంటివి ఊరూరా ఉన్నాయి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో కంపెనీ మద్దతు ఆగిపోయింది. అలాంటి తేదీ వచ్చినప్పుడల్లా మంచి యంత్రాలు ఎన్నో తుక్కు కొట్లకు చేరతాయి.

డ్రైవర్ అంటే ఏమిటి? నిజాం కాలంలో, తెల్లదొరల కాలంలో దుబాసీలుండేవారు. దొరకు మన మాట రాదు, మనకు దొర మాట రాదు. మధ్యలో దుబాసీ ఏం చెబితే అదే మాట. డ్రైవర్ అలాంటి దుబాసీ. మూత కింద అద్దం, అద్దం కింద ఒక కడ్డీ. ఆ కడ్డీలో దీపం ఉంటుంది, వెలుగును కొలిచే కండ్లు వరసగా ఉంటాయి. చిన్న మోటారు ఆ కడ్డీని ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతుంది. తెల్ల కాగితం వెలుగును తిప్పికొడుతుంది, నల్ల అక్షరం మింగేస్తుంది. ఆ తేడానే అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పంపుతుంది. దీపం వెలిగించు, కడ్డీ జరుపు, అంకెలు పంపు అని యంత్రానికి దాని భాషలో చెప్పేవాడు ఈ దుబాసీ. కంపెనీవాడు మనకు యంత్రం అమ్మాడు గానీ, దుబాసీని తన చెప్పుచేతల్లోనే ఉంచుకున్నాడు. ఆ భాష ఎవరికీ నేర్పలేదు. దుబాసీ రానన్న రోజు మన డబ్బుతో కొన్న యంత్రం మనకే మూగదైపోతుంది.

ఈ బాధ మనకొక్కరికే రాలేదు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ప్రింటర్‌ను బాగుచేసుకుందామంటే దాని ప్రోగ్రాం చూపించడానికి ఒప్పుకోలేదు. ఆ కోపం ఊరికే పోలేదు. ఎవరైనా చదవగల, మార్చగల, పంచుకోగల సాఫ్ట్‌వేర్ తయారు చేస్తామని 1983లో ఆయన గ్నూ ఉద్యమం మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ బయటపెట్టాడు. అదే దశాబ్దంలో ఆండ్రియాస్ బెక్, డేవిడ్ మాస్‌బర్గర్ అనే ఇద్దరు స్కానర్ల కోసం 'సేన్' అనే పని ప్రారంభించారు. స్కానర్‌ను ఇప్పుడు సులభంగా అందుకో అని ఆ పేరుకు అర్థం. కొన్ని కంపెనీలు తమ యంత్రం భాష చెప్పాయి. చెప్పని చోట ఆ యంత్రానికీ కంప్యూటర్‌కూ మధ్య తీగలో పోయే మాటలను చెవి పెట్టి విని, ఏ మాటకు ఏం జరుగుతుందో చూసి, స్వచ్ఛంద కార్యకర్తలే కొత్త దుబాసీలను తయారు చేశారు. ఇక్కడ హైదరాబాదులో కూడా 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగు జనం దగ్గరకు తెచ్చే పని చేస్తోంది.

పలికించే పద్ధతి

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఇంగ్లిషు అక్షరాల్లో ఏం కొట్టాలో బోర్డు మీద రాస్తాం, నోట్సులో ఎక్కించుకోండి.

మొదట యంత్రాన్ని తిరగేసి చూడండి. చాలా స్కానర్లకు అడుగునో పక్కనో తాళం బొమ్మతో ఒక మీట ఉంటుంది. మోసుకుపోయేటప్పుడు కడ్డీ కదలకుండా వేసే గడియ అది. దాన్ని తియ్యకుండా నడిపితే లోపల కటకటమంటుంది, ముందుకు పోదు. పాడైందనుకుని కొందరు అక్కడే వదిలేస్తారు.

రెండోది, తీగను నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. పలచటి స్కానర్లు కరెంటు కూడా ఆ తీగలోంచే తీసుకుంటాయి. నాలుగు పెట్టుకునే హబ్‌కు తగిలిస్తే బలం చాలక మధ్యలో ఆగిపోవచ్చు.

మూడోది, 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అని కొట్టండి. తగిలించిన యంత్రాల జాబితా వస్తుంది. ఒక్కోదానికి నాలుగేసి గుర్తులతో రెండు సంఖ్యలుంటాయి. మొదటిది ఇంటిపేరు, రెండోది సొంతపేరు అనుకోండి. అక్కడే కనబడకపోతే తప్పు తీగదో యంత్రానిదో, లినక్స్‌ను తిట్టి లాభం లేదు. కనబడితే ఆ సంఖ్యలు సేన్ వాళ్ల జాబితాలో చూడండి. ఏ యంత్రం పూర్తిగా పని చేస్తుంది, ఏది బాగా, ఏది అంతంత మాత్రం, ఏది అసలు చెయ్యదు అని అందులో రాసి ఉంటుంది. ఉదాహరణకు క్యానన్ లైడ్ 20, 25, 30 రకాలకు 'ప్లస్‌టెక్' అనే దుబాసీ ఉంది. ప్రింటరూ స్కానరూ కలిసున్న హెచ్‌పీ యంత్రాలకు 'హెచ్‌పీలిప్' వేసుకోవాలి. కొత్తగా వస్తున్న యంత్రాల్లో చాలావాటికి కంపెనీ డ్రైవర్‌తో పని లేదు, 'సేన్-ఎయిర్‌స్కాన్' చాలు. పాతది కొనేవాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి పోయే ముందే ఈ జాబితా చూసుకుని పోండి. అన్ని యంత్రాలూ పలుకుతాయని మేము చెప్పం. కొన్ని ఇప్పటికీ పలకవు. అలాంటిదాని మీద డబ్బులు పెట్టకండి.

నాలుగోది, 'సేన్-యుటిల్స్' వేసుకుని 'స్కాన్‌ఇమేజ్' అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, పెద్ద 'ఎల్' కొట్టండి. యంత్రం పేరు వస్తే పని అయినట్టే.

ఇక్కడ ఒక తమాషా ఉంది, మన కార్యకర్తలకు బాగా అర్థమవుతుంది. ముందు 'సుడో' చేర్చి కొడితే యంత్రం పలుకుతుంది. సుడో లేకుండా కొడితే ఎవరూ లేరంటుంది. సుడో అంటే కంప్యూటర్లో పెత్తందారు అధికారం. పెత్తందారుకు పలికి మామూలు మనిషికి పలకలేదంటే యంత్రం చెడిపోలేదు, మనకు అనుమతి లేదు. రోజూ పెత్తందారు వేషం వేసి పని చేయడం మంచిది కాదు. మన పేరును 'స్కానర్' అనే గుంపులో చేర్చాలి. ఆ ఆజ్ఞ కూడా బోర్డు మీద ఉంది. చేర్చాక ఒకసారి బయటికి పోయి మళ్లీ లోపలికి రావాలి. ఈ యంత్రం దగ్గర మేము రెండు పూటలు కూచున్నది ఈ ఒక్క అడ్డంకి కోసమే. సంఘంలో పేరెక్కిన తర్వాత చక్కగా పలికింది.

ఇంకొన్ని యంత్రాలకు సొంత బుర్ర ఉండదు. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ 'ఫర్మ్‌వేర్' అనే ఫైలును కంప్యూటర్ వాటికి ఎక్కించాలి. ఆ ఫైలు కంపెనీ ఇచ్చిన సీడీలో ఉంటుంది. అందుకే పాత యంత్రం తెచ్చేటప్పుడు సీడీ కూడా అడిగి తెచ్చుకోండి.

ఎలా తీయాలి, ఎలా దాచాలి

ఫోనుతో ఫొటో తీస్తే చాలదా అని అడిగారు. అర్జెంటుగా ఒక కాగితం పంపాలంటే ఫోను చాలు. కానీ ఫోనులో మన నీడ పడుతుంది, అంచులు వంగుతాయి, ఒక పేజీ పెద్దగా ఒక పేజీ చిన్నగా వస్తాయి. పదేండ్ల పత్రిక సంపుటాలు ఎక్కించాలంటే సమంగా వెలుగు పడే అద్దమే కావాలి.

అచ్చు పేజీలకు అంగుళానికి 300 చుక్కలు చాలు. అంతకంటే పెంచితే ఫైలు ఉబ్బుతుంది తప్ప అక్షరం మెరుగు కాదు. ఏ4 కాగితం 300 దగ్గర 87 లక్షల చుక్కలవుతుంది. రంగులో తీస్తే కుదించక ముందు సుమారు 26 ఎంబీ, బూడిద రంగులో అందులో మూడో వంతు. కరపత్రాలు బూడిద రంగులో తీయండి. పట్టాలు, సర్టిఫికెట్లు మాత్రం రంగులోనే తీయాలి. ముద్ర ఊదా రంగుదా, సంతకం పచ్చ సిరాదా అన్నది రేపు అవసరమవుతుంది. ఫొటోలకు 600 పెట్టండి. న్యూస్‌ప్రింటు పలచగా ఉండి వెనక పేజీ అక్షరాలు కనబడుతుంటే పైన నల్ల కాగితం వేసి మూత పెట్టండి, వెనక అచ్చు చాలావరకు అణిగిపోతుంది.

ఆ బొమ్మలోంచి అక్షరాలను చదివి టైపు చేసి పెట్టే 'టెస్సరాక్ట్' అనే ప్రోగ్రాం ఉంది. ఇదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, తెలుగు కూడా చదువుతుంది. కానీ పాత అచ్చులో ఒత్తుల దగ్గర తడబడుతుంది. మన మాండలికం చూసి ఇంకా తడబడుతుంది. కాబట్టి దాన్ని నమ్మి వదిలెయ్యొద్దు, మనిషి కూచుని దిద్దాలి. చదువుకున్న పిల్లలు కంప్యూటర్ ముందు, పెద్దలు పాత పేజీ ముందు కూచుని దిద్దితే పిల్లలకు చరిత్ర తెలుస్తుంది, పెద్దలకు యంత్రం తెలుస్తుంది.

మూడు జాగ్రత్తలు చెబుతాం. స్కాన్ అయిందని అసలు కాగితం పారెయ్యకండి, కోర్టులో అసలుకే విలువ ఎక్కువ. ఫైలుకు సంవత్సరం, ఊరు, విషయం కలిపి పేరు పెట్టండి, మూడు నకళ్లు మూడు చోట్ల ఉంచండి. దాడికి గురైన మనిషి పేరు, ఆధార్, ఇంటి చిరునామా ఉన్న కాగితాలు ఇంటర్నెట్లో పెట్టకండి. దాచుకోవడం వేరు, బజారున పెట్టడం వేరు.

అమీర్‌పేట బోర్డు మీద లేని చదువు

మన పిల్లలు అమీర్‌పేటకు వస్తారు. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ బోర్డులే బోర్డులు. తల్లి కూలి డబ్బులో, గొర్రెలమ్మిన డబ్బులో పెట్టి కోర్సు నేర్చుకుంటారు, హాస్టల్లో ఇరుకు మంచం మీద పడుకుంటారు. తప్పు లేదు, ఉద్యోగం కావాలి. కానీ ఆ చదువంతా ఇంకొకరి కంపెనీలో ఇంకొకరి పని నడపడానికి. మన గూడెం ట్రంకుపెట్టెలో ఉన్న పట్టాను ఎలా కాపాడాలో చెప్పే బోర్డు అక్కడ లేదు. ఈ నగరంలోనే ట్రిపుల్ ఐటీ వాళ్లు డిజిటల్ లైబ్రరీ కోసం పెద్ద యంత్రాలతో పుస్తకాలు స్కాన్ చేశారు, మంచిదే. వాళ్ల ముందుకు గ్రంథాలయాల్లో ఉన్న పుస్తకాలొచ్చాయి. మన కరపత్రం ఏ గ్రంథాలయం బీరువా ఎక్కింది గనక వాళ్ల దాకా పోవడానికి?

అందుకే ఈ పని మనమే చెయ్యాలి. ఒక్కో మండలం నుంచి ఇద్దరు పేర్లివ్వండి, అందులో ఒకరు ఆడపిల్ల కావాలి. ఎక్కడ ఏ ఆఫీసు, ఏ బడి స్కానర్ పారేస్తున్నా అడిగి తీసుకోండి, దాని రెండు సంఖ్యలు రాసి పంపండి. ఏది పలికింది, ఏది పలకలేదు, ఎక్కడ ఆగింది అని ప్రతి సంచికలో వేస్తాం. ఒక ఊళ్లో విప్పిన ముడిని ఇంకో ఊరు మళ్లీ మొదటి నుంచి విప్పుకోనక్కర లేదు. ఈ సాఫ్ట్‌వేర్ పెరిగింది కూడా అట్లాగే, ఒకరు తెలుసుకున్నది అందరికీ చెప్పబట్టే.

అక్షరం మన వాడకు రాకుండా ఎన్ని తరాలు కాపలా కాశారో మీకు చెప్పనక్కర లేదు. ఆ కాపలా దాటి మన పెద్దలు రాశారు, అచ్చేశారు, పంచారు. ఇవాళ ఆ అక్షరానికి చెదలు ఒక పక్క, కంపెనీ తాళాలు ఇంకో పక్క కాచుకుని ఉన్నాయి. చెదలకు మందుంది. తాళం ఎలా తీయాలో ఇవాళ చూశారు.

ఇక వరసగా లేచి రండి. తెచ్చిన కాగితాలు అద్దం మీద పెట్టి, మీ చేత్తోనే మీట నొక్కండి.

జై భీమ్.