రెండో వైపు వినిపించిన గొంతు



కిందటి వేసవిలో ఒక స్నేహితురాలి ఇంట్లో అటక మీదున్న ట్రంకుపెట్టె దించాం. ఆవిడ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. మూత తీస్తే కలరా ఉండల వాసన. పసుపు తిరిగిన కరపత్రాలు, సైక్లోస్టైల్ చేసిన మీటింగు నోట్సు, మడతలు పడ్డ ఒక బ్యానరు గుడ్డ. కాగితాలకు గుచ్చిన గుండుసూదులు తుప్పు పట్టి, సూది ఉన్నంత మేరా కాగితాన్ని తినేశాయి. అడుగున బిస్కెట్ల డబ్బాలో పదకొండు క్యాసెట్లు. ఒకదాని మీద నీలం ఇంకుతో ‘నెల్లూరు జిల్లా, సారా, రెండో వైపు కూడా వినాలి’ అని రాసి ఉంది. తేదీ లేదు, ఊరి పేరు లేదు.

మన ఆడవాళ్ల ఉద్యమాల చరిత్ర చాలావరకు ఇలాంటి పెట్టెల్లోనే ఉంది. ప్రభుత్వ భాండాగారాల్లో జీవోలుంటాయి, పోలీసు కాగితాలుంటాయి. మీటింగుకు ఎవరు చాపలు పరిచారు, బస్సు ఛార్జీలకు ఎవరు చందా ఇచ్చారు, ఏ పాట పాడితే ఊరు కదిలింది అన్నవి వాటిలో దొరకవు. ఇల్లు మారినప్పుడో, మనిషి పోయినప్పుడో ఆ పెట్టె పాత సామాన్లవాడి చేతికి వెళ్తుంది. అక్కడితో సరి.

స్త్రీల కథలు పోగుచేసి దాచాలన్న ఆరాటం మనకు కొత్తది కాదు. భండారు అచ్చమాంబ గారు 1901లోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అచ్చు వేయించారు. దేశంలోని పేరున్న స్త్రీల జీవితాలను ఒక్కచోటికి తెచ్చారు. ఆవిడ బడికి వెళ్లలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ముప్ఫై ఏళ్లు దాటీ దాటకుండానే, 1905లో పోయారు. 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో ఆవిడ రాసిన ‘ధన త్రయోదశి’ అన్న కథ వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. తెలుగులో మొదటి కథ ఎవరిదన్న చర్చలో ఈవాళ అచ్చమాంబ పేరు వినిపిస్తోందంటే, ఆ పాత పత్రిక సంచిక ఎక్కడో చెదలు పట్టకుండా మిగిలినందుకే. మిగలని సంచికల్లో ఏమేం పోయాయో తలుచుకుంటే నాకు బెంగగా ఉంటుంది.

ఇక హైదరాబాద్‌కు వద్దాం. 1974లో ఇక్కడ ప్రగతిశీల మహిళా సంఘం పుట్టింది. ఆ దశాబ్దం చివర స్త్రీశక్తి సంఘటన అన్న బృందం వచ్చింది. ఈ సంఘటన సభ్యులు చేసిన ఒక పని నాకు ఎప్పటికీ అపురూపం. టేప్ రికార్డర్లు భుజాన వేసుకుని, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ, ఇంకా పత్రికల్లో ఎన్నడూ పేరు రానివాళ్లు. దళంలో ఉండగా బిడ్డ పుడితే ఏం చేశారు, పోరాటం ఆగిపోయాక ‘ఇక ఇంటికి పొండి’ అంటే ఎలా తట్టుకున్నారు అని అడిగారు. అవే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకమయ్యాయి. పుస్తకం వచ్చేనాటికి ఐలమ్మ లేరు, అంతకు ముందు ఏడే కన్నుమూశారు. కోటేశ్వరమ్మ 2018లో, స్వరాజ్యం 2022లో వెళ్లిపోయారు. వాళ్లు ఉండగానే ఎవరో అడగబట్టి సరిపోయింది.

అయితే అచ్చులో మాట ఉంటుంది, గొంతు ఉండదు. రేడియో వినే మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవడం, గుటక మింగడం, నవ్వు ఆపుకోవడం కాగితం మీదికి ఎక్కవు.

అందుకే ఆ పదకొండు క్యాసెట్లనూ డిజిటల్ చేద్దామని కూర్చున్నాం. గంట టేపు ఎక్కించడానికి గంటా పడుతుంది, దీనికి అడ్డదారి లేదు. ముందు బూజు తుడవాలి. టేపు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతే, కొత్త డొల్లలోకి మార్చి, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పాలి. ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో శుభ్రం చేస్తే, ఆ దూది గోధుమరంగులోకి మారుతుంది. టేపు మీద నుంచి రాలిన పొడి అది. ఆ పొడిలోనే మాట ఉంది. రెండోసారి తిప్పితే ఇంకాస్త రాలుతుంది కాబట్టి మొదటిసారే బాగా పట్టుకోవాలి. శబ్దాన్ని ఏమాత్రం కుదించని పెద్ద ఫైలు ఒకటి దాచడానికి, చిన్నది వినడానికి. దాచే ప్రతులు మూడు, మూడూ ఒకే బీరువాలో ఉండకూడదు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అపురూపమైన పాత ఉర్దూ పుస్తకాలు ఎన్నో నీళ్లపాలయ్యాయి. అది చూసినవాళ్లు ఒక్క ప్రతిని నమ్మరు.

కాగితాలది మరో తంటా. కరపత్రాన్ని ఫొటో తీస్తే బొమ్మ వస్తుంది, అందులో వెతకడానికి రాదు. మసకబారిన సైక్లోస్టైల్ అక్షరాల్లో వత్తు ఏదో గుడి ఏదో కంప్యూటర్ పోల్చుకోలేదు. ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయాల్సిందే. తొంభైల్లో డీటీపీలో కూర్చిన పత్రికలున్నాయి కదా అనుకుంటాం. అవి ‘అను’ ఫాంట్ల కాలం నాటి ఫైళ్లు. ఇప్పటి యూనికోడ్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. 1902 నాటి పత్రికనైనా చదువుతున్నాం గానీ, 1995 నాటి ఫ్లాపీ చదవలేకపోతున్నాం.

ఇంతకంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. పెట్టెలో 1978 నాటి కరపత్రం ఒకటి దొరికింది. ఆ ఏడాది మార్చి నెలాఖరులో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం చేసి, ఆమె భర్తను కొట్టి చంపారని నగరం భగ్గుమంది. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు రాయచూరు కోర్టుకు మారాక వాళ్లు విడుదలయ్యారు. హైదరాబాద్ ఆడవాళ్లను ఏకంచేసిన ఘట్టాల్లో అదొకటి. కరపత్రంలో ఆమె పేరు పెద్దక్షరాలతో ఉంది. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న చట్టం 1983లో గానీ రాలేదు. కరపత్రం నాలుగు వీధుల్లో పంచితే ఆ వారానికే మాసిపోతుంది. ఇంటర్నెట్‌లో పెడితే ఆమె మనవడు బడిలో ఉండి కూడా వెతుక్కోగలడు. అందుకే ఆ కాగితాన్ని దాచాం, పేరు కనబడేలా అందరికీ పెట్టలేదు. ఉద్యమం దాచిపెట్టమని అడగలేదు నిజమే. ఆమెనూ ఎవరూ అడగలేదు కదా.

ముంబైలో సి.ఎస్. లక్ష్మి గారు మరికొందరితో కలిసి 1988లో మొదలుపెట్టిన ‘స్పారో’ స్త్రీల గొంతులనూ ఫొటోలనూ ఏళ్లుగా దాచుతోంది. ఢిల్లీ ‘జుబాన్’ వాళ్లు ఉద్యమాల పోస్టర్లను దేశమంతటా పోగుచేశారు. తెలుగు గొంతులకు అలాంటి పెద్ద గూడు కావాలని నా కోరిక.

మళ్లీ ఆ నెల్లూరు టేపు దగ్గరికి వస్తాను. ఆ జిల్లాలో సారాపై పోరుకు పేరుపడ్డ దూబగుంట మీకు తెలిసిందే. అక్షరాస్యత తరగతుల్లో సారా గురించిన పాఠం చదివి, 1992లో ఆడవాళ్లు ఊరూరా అంగళ్లు మూయించారు, సారా వేలం పాటలు ఆపారు. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. మా టేపులో ఒక పెద్దావిడ ఆ రోజుల సంగతి చెబుతుంటారు. వెనక రోకలి పోటు వినిపిస్తుంటుంది. రెండో వైపు సగానికి వచ్చేసరికి పోటు ఆగింది. దంచుతున్నావిడ కలగజేసుకుని, అలా కాదు మేయ్ అని మొదలుపెట్టి, సారా ప్యాకెట్ల బండిని ఆపింది అంగడి దగ్గర కాదు, ఊరి బయట చింతచెట్టు కింద అని సరిదిద్దారు. పెద్దావిడ ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసే చెప్పారు.

వివరాల పట్టికలో ‘మాట్లాడినవారు’ అన్న గడి ఉంటుంది. పెద్దావిడ ఇంటిపేరు స్నేహితురాలికి గుర్తొచ్చింది. రెండో ఆవిడది గుర్తు రాలేదు. ఆ గడిలో ‘పక్కింటావిడ, వడ్లు దంచుతూ’ అని రాసి వదిలాం. స్నేహితురాలు పాత డైరీలు తిరగేసి, బస్సు టికెట్టు ఒకటి పట్టుకుంది, దాన్నిబట్టి ఊరు తెలిసింది. వచ్చే నెల ఇద్దరం వెళ్తున్నాం. పక్కింటావిడ సరిదిద్దిన ఆ రెండు నిమిషాల గొంతును ఫోన్‌లో ఎక్కించుకున్నాను. ఊళ్లో చింతచెట్టు దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటే, వినిపించి అడుగుతాం.