గడులలోని మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ ఊరి అక్షరదాహమును తీర్చుచున్న మన గ్రంథాలయమునకు ముందుగా నమస్కరించుచున్నాను. మీరు దయచేసి ఇచ్చిన ఈ కొద్ది సమయములో పెద్ద విషయములు చెప్పబోను. చిన్న గడులను గూర్చి చెప్పెదను.

పత్రిక రాగానే మన పఠనమందిరములో మొదట చేతులు పోవునది సంపాదకీయము మీదికి కాదు, గళ్ళ నుడికట్టు మీదికి. ముందు వచ్చినవాడు కలము తీసి గడులన్నియు నింపి సంతోషముతో ఇంటికి పోవును. వెనుక వచ్చినవాడు ఆ నిండిన గడులను చూచి, “ఈ మాట ఇచ్చటికి ఎట్లు వచ్చినది?” అని తెల్లబోవును. ఆ వెనుక వచ్చినవాని పక్షమున నాలుగు మాటలు చెప్పుటకే నేను నిలిచితిని.

ఈ ఆట ఇప్పటి రూపములో మొదట 1913 డిసెంబరు 21న అమెరికాలోని ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వెలువడినది. కూర్చినవాడు ఆర్థర్ విన్. పిమ్మట ఇంగ్లండులో దానికి గూఢత్వము అబ్బినది. తెలుగులో శ్రీశ్రీ దీనిని ‘పదబంధ ప్రహేళిక’ అన్నారు. ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ అన్నారు. గడులు పరదేశమునుండి వచ్చినవే గాని, గూఢముగా అడుగుట మనకు క్రొత్త కాదు. దండి తన కావ్యాదర్శములో ప్రహేళికలను పదునారు విధములుగా విభజించి చెప్పినాడు. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో ప్రహేళికను చేర్చినాడు. అవధానములోని న్యస్తాక్షరిని తలచుకొనుడు. ఫలానా పాదములో ఫలానా స్థానమున ఫలానా అక్షరము ఉండవలెనని పృచ్ఛకుడు కోరును. అడ్డము మాట నిలువు మాటకు విధించు కట్టడియు అట్టిదే కదా! వీనికంటె మనకు దగ్గరిది ఇంటి అరుగుమీద వినిన పొడుపు కథ.

ఇక విప్పు విధమును చూతము. గూఢమైన ఆధారములో సాధారణముగా రెండు పాళ్ళుండును. ఒకటి జవాబు యొక్క అర్థము. రెండవది ఆ మాటను అక్షరములతో కట్టు తీరు. ఈ రెండును ఒకే వాక్యమువలె అతుకుకొని కనబడును. అతుకు ఎచ్చట ఉన్నదో కనుగొనుటయే విద్య. తెలుగులో గడికి ఒక అక్షరము, గుణింతముతోను ఒత్తుతోను కూడినది, పట్టునని గుర్తుంచుకొనవలెను.

“తల తిప్పిన తీగ” అని ఆధారము, రెండు గడులు. వినగానే గాలికి ఊగు తీగ మనస్సున మెదలును. ఆ బొమ్మను ప్రక్కకు నెట్టుడు. ‘తల’ అను మాటనే త్రిప్పి వ్రాయుడు. ‘లత’ అగును. లత యనగా తీగ. ఒక్క మాటయు వ్యర్థముగా లేదు.

మరియొకటి: “కరీంనగరములో దాగిన ఆభరణము.” రెండు గడులు. మన కరీంనగరము సన్నని వెండితీగ పనికి పేరుపొందినది. కాబట్టి బుద్ధి వెంటనే వెండి దుకాణములవైపు పరుగెత్తును. అచ్చటనే మోసపోవుదుము. దాగినది ఊరిలో కాదు, ఊరి పేరులో. క, రీం, న, గ, ర, ము. నడుమనున్న ‘నగ’ను చూచితిరా?

మూడవది: “ఆండాళు చెంత పైరు పెరిగిన ఏరు.” నాలుగు గడులు. ఆండాళునకు గోదా యని పేరు. పైరు ‘వరి’. రెండును చేర్చిన ‘గోదావరి’. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల నడుమ పారు మన తల్లి. పుట్టినది మొదలు పలుకుచున్న పేరే. అయినను దానిలో వరి యున్నదని మనలో ఎందరు గమనించితిమి?

ఆధారము కూర్చువాడు మనలను ప్రక్కదారి పట్టింపవచ్చును గాని అబద్ధము చెప్పరాదు. చదువువాడును అట్లే వాక్యమును తన ఊహకు లోబరుపరాదు, వ్రాసియున్నదానినే చదువవలెను. ఈ అలవాటు గడులతో ముగియదు. ఒప్పందపు కాగితము మీద వ్రేలిముద్ర వేయుటకు ముందు, ఎన్నికల కరపత్రమును నమ్ముటకు ముందు, “ఈ వాక్యము నిజముగా ఏమి చెప్పుచున్నది?” అని ఆగి చూచుటకు ఇది పనికివచ్చును.

ఇచ్చట నా బాల్యమునందలి ఒక పొరపాటును మనవి చేయవలెను. ఒకనాడు ఒక పత్రికలో “కంకికి పీచు గల పైరు” అని, నాలుగు గడులు ఇచ్చినారు. నేను బిగ్గరగా చదివితిని. అక్షరము రాని మా అవ్వ బియ్యములో రాళ్ళు ఏరుచు, “మక్క గద బిడ్డా!” అన్నది. గడులలో ‘మొక్కజొన్న’ పట్టినది. నేను గర్వముతో, “నీది తప్పు అవ్వా, అది పుస్తకంల మాట కాదు” అన్నాను. ఆమె మరల ఆ ఆటలో నోరు విప్పలేదు.

తప్పు ఆమెది కాదు, నాది. అర్థమును ఆమె నాకంటె ముందే పట్టినది. ఆమె మాట రెండు గడులది, అంతమాత్రమే. గడులకు సరిపడకపోవుట వేరు, తప్పగుట వేరు. ఈ భేదము తెలియక మన తొవ్వను, సోపతిని, మక్కను ఎన్నిసార్లు మనమే తప్పని కొట్టివేసితిమో!

ఆమెకు చెప్పుకొనలేని క్షమాపణగా నేనొక ఆధారము కూర్చితిని: “హాజీలు చేరు పురము దీర్ఘము విడిచిన మన చేనిలో పండును.” రెండు గడులు. దీర్ఘము దూరప్రయాణము కాదు. అక్షరము మీది దీర్ఘము. ‘మక్కా’లోని దీర్ఘము పోయిన ‘మక్క’. దీనిని విప్పుటకు ఒక హాజీ సాబును, ఒక రైతును ప్రక్కప్రక్కన కూర్చుండిన చాలును. పండితుని కొరకు కబురు పంప నక్కరలేదు.

కావున గ్రంథాలయ సంఘమువారికి రెండు విన్నపములు. పత్రికలోని గడులను కలముతో నింపరాదని, వేరు కాగితముమీద గీసికొనవలెనని ఒక నియమము పెట్టుడు. ప్రతి ఆదివారము ఒక ఆధారమును నల్లబల్లమీద వ్రాసి, చదువురానివారికిని వినబడునట్లు బిగ్గరగా చదువుడు. ఎవరు ముందు చెప్పినారని లెక్కింపవలదు. ఎట్లు వచ్చినదో విప్పి చెప్పినవారినే మెచ్చుకొనుడు. జవాబు ఒక్కని జేబులో ఇముడును. దాని విడమరపు పదిమందికి పంచినను తరుగదు. గ్రంథాలయమును మనము నిలుపుకొన్నదియు అందుకే కదా!

మొదటి ఆదివారమునకు నా కానుకగా ఒక ఆధారమును ఇచ్చి విరమించెదను. “కల్వము ముందుంచి వైద్యుడు శిష్యునితో అను మాట, ఈ గ్రంథాలయము నిండింపవలసిన ఏండ్లు.” రెండు గడులు. జవాబు నేను చెప్పను. తెలిసినవారు ప్రక్కవారికి విప్పి చెప్పుడు.