బేతాళుడి షరతు, బెల్లాకు మినహాయింపు



మాస్టారి స్మారకోపన్యాసంలో రక్తపిశాచుల ప్రేమకథ గురించి మాట్లాడటమేమిటని ఒకరిద్దరు అడిగారు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఈ నాందేడ్ జిల్లాలో, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీగా పెరిగిన పిల్లల చేత మాస్టారు దొరికిన కథల పుస్తకమల్లా చదివించారు. ఆ పిల్లల పిల్లలు ఇవాళ ‘ట్విలైట్’ చదువుతున్నారు. వాళ్లు ఇష్టపడి చదివేదాన్ని మనమూ చదివి మాట్లాడటమే ఆయనకు తగిన నివాళి.

స్టెఫనీ మేయర్ 2005 నుంచి 2008 వరకు ‘ట్విలైట్’ వరుసలో నాలుగు నవలలు వెలువరించారు. ప్రపంచమంతా కలిపి పది కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. వాన విడవని ఫోర్క్స్ అనే చిన్న ఊరికి బెల్లా వస్తుంది. ఎడ్వర్డ్‌ను ప్రేమిస్తుంది. అతను 1918లో స్పానిష్ ఫ్లూతో చావబోతూ రక్తపిశాచిగా మారి, పదిహేడేళ్ల దగ్గరే ఆగిపోయినవాడు. అతని కుటుంబం మనుషుల జోలికి పోకుండా జంతువుల రక్తంతో సరిపెట్టుకుంటుంది.

మొదటి నవల నాకు నచ్చింది. ప్రేమించినవాడే ప్రాణం తీయగలడన్న భయాన్నీ, అయినా వదల్లేని ఆకర్షణనీ మేయర్ ఒడుపుగా పట్టుకున్నారు. ఎండలో ఎడ్వర్డ్ ఒళ్లు తళతళ మెరవడాన్ని చాలామంది ఎగతాళి చేశారు. నాకు అందులో తప్పు కనిపించలేదు. పిశాచం ఎలా ఉండాలో చెప్పే హక్కు రచయితది. ఆడపిల్లలు ఎగబడి చదివేదంతా చవకబారని తీర్పివ్వడం మనకు కొత్తా? యద్దనపూడి సులోచనారాణి గారి పాఠకురాళ్లూ ఆ మాటలు పడ్డవాళ్లే.

నా అభ్యంతరం నాలుగో నవల ‘బ్రేకింగ్ డాన్’తో. కొత్తగా పిశాచమైనవాళ్లకు మొదటి ఏడాది దాహం తప్ప మరేదీ పట్టదని మూడో నవల దాకా మేయరే మనల్ని భయపెట్టారు. బెల్లా మారింది. మొదటి వేటకు అడవిలోకి వెళ్లింది. గాలిలో మనిషి వాసన తగిలింది. ఇక ఏం జరుగుతుందోనని మనం ఊపిరి బిగబట్టేలోపే, ఆమె తనను తాను అదుపు చేసుకుని దూరంగా పరుగెత్తింది. అంతే! అమ్మానాన్నలను వదులుకోవాల్సి వస్తుందని ఇన్నాళ్లూ బెంగపడిన పిల్లకు తండ్రీ దూరం కాలేదు. చివర్లో రక్తపిశాచుల పాలకులైన వోల్టూరీల సైన్యం వచ్చి నిలబడుతుంది, యుద్ధం జరగకుండానే వెనుదిరుగుతుంది. తను పెట్టిన నియమాలకు తన నాయికనే మినహాయించారు రచయిత్రి. ఫాంటసీ చదివేవాడిగా నాకు మింగుడుపడనిది అదొక్కటే.

నియమం సడలని కథ కోసం ఇప్పుడు మన గోదావరికి వద్దాం. నాందేడ్‌కు ఎగువన, ఇదే నది ఒడ్డున పైఠాన్ ఉంది. అదే ఆనాటి ప్రతిష్ఠానం. అక్కడి శాతవాహన రాజు ఆస్థానంలోని గుణాఢ్యుడు సిరా దొరకని అడవిలో తన నెత్తుటితోనే బృహత్కథ రాశాడని ఐతిహ్యం. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు ఆ సంప్రదాయాన్నే కథాసరిత్సాగరంలో చెబుతూ, బేతాళుణ్ణి భుజాన మోసిన రాజును ప్రతిష్ఠానంవాడనే అన్నాడు. అంటే ‘చందమామ’లో మనమంతా చదివిన విక్రమార్కుడు మొదట ఈ గోదావరి ఒడ్డువాడే!

ఆ కథలోని షరతు చూడండి. బేతాళుడి ప్రశ్నకు జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే బేతాళుడున్న శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రాజని, వీరుడని సడలింపు లేదు. నోరు విప్పిన ప్రతిసారీ శ్మశానంలోకి తిరిగి నడవాల్సిందే. చివరికి నిజంగానే జవాబు తెలియని చిక్కుప్రశ్న ఎదురై మౌనంగా నడిచినప్పుడే బేతాళుడు మెచ్చి, శవాన్ని తెమ్మని పంపిన భిక్షువు చేయబోయే ద్రోహం చెప్పి ప్రాణం కాపాడతాడు. ఆ మోత అంతా మోశాడు కాబట్టే ఆ మెప్పు మనకు న్యాయంగా తోస్తుంది. బెల్లాకు దక్కిన సుఖం అలా తోచదు.

పిశాచంతో మనవాళ్లకున్న చనువూ తక్కువదేం కాదు. కొంకణంలోని ఆరవలిలో, బేతాళుడినే దేవుడిగా కొలిచే వేతోబాకు గుడి ఉంది. ఊరు కాపాడుతూ రాత్రిళ్లు తిరిగి ఆయన చెప్పులు అరిగిపోతాయని భక్తులు పెద్ద పెద్ద తోలు చెప్పుల జతలు మొక్కుగా సమర్పిస్తారు. భయపెట్టేవాడికి పనీ, బాధ్యతా అప్పగించిన ఊహ ఇది. ఎడ్వర్డ్ కుటుంబంలో డాక్టరైన కార్లైల్ ఒక్కడిలోనే ఈ ఛాయ కనిపిస్తుంది. మేయర్ అతని గురించి ఇంకా రాయాల్సింది.

పెద్దలారా, పిల్లల చేతుల్లోంచి ట్విలైట్ లాక్కోకండి. చదివాక బేతాళ కథలు కూడా వాళ్ల చేతిలో పెట్టండి. పిల్లలూ, మీకు తెలుగు వచ్చు, మరాఠీ వచ్చు, గోదావరి మీ వాకిట్లో ఉంది. మీలో ఒకరు ఈ ఒడ్డున నడిచే పిశాచం కథ తెలుగులో రాయండి. రాసేటప్పుడు, మీరు పెట్టిన షరతును మీ నాయిక కోసం కూడా సడలించకండి.