ఓషధి, నామము, స్మృతి

  

తెలుగు పండితులును, వైద్యులును, వృక్షశాస్త్రజ్ఞులును ఒక్క పందిరి క్రింద కూర్చుండిన ఈ సభకు అధ్యక్షత వహింపుమని నన్ను కోరిన మీ ఆదరమునకు కృతజ్ఞుడను. నేను వైద్యుడను గాను. రసాయనశాస్త్రమును అభ్యసించినవాడను గాను. ఏబది యేండ్లు నిఘంటువుల నడుమ, పదముల నడుమ కాలము గడపినవాడను. వార్ధక్యమున మెదడును కాపాడగల మూలికలనుగూర్చి చర్చించు సభకు ఒక నిఘంటుకారుని పిలువనేల యని మీలో కొందరికి తోచియుండవచ్చును. అయితే ఈ పరిశోధనలో మొదటి మెట్టు ఔషధశాలలో గాక పదకోశములో నున్నదని నా దృఢవిశ్వాసము. ఆ విశ్వాసమునకు ఆధారములను మీ ముందుంచుటయే నా ఉపన్యాసమునకు ప్రయోజనము.

ఈ పుదుచ్చేరి మనకు పరాయి ఊరు గాదు. గోదావరి ఒడ్డున నున్న మన యానాము ఈ ప్రభుత్వములోని భాగమే. దుబాసీగా పేరుకెక్కిన ఆనందరంగపిళ్ళకు కస్తూరి రంగకవి తెలుగున ఒక లక్షణగ్రంథమునే అంకితమిచ్చి, ఈ నగరమును మన ఛందశ్శాస్త్రచరిత్రలో నిలిపినాడు. అంతకంటెను మన నేటి ప్రస్తావనకు సన్నిహితమైన సంగతి మరియొకటి కలదు. సముద్రతీరమున సెయింట్ లూయీ వీధిలో 1955లో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూటును స్థాపించిన జాన్ ఫిలియోజా మహాశయుడు వృత్తిచేత నేత్రవైద్యుడు, ప్రవృత్తిచేత సంస్కృత పండితుడు. భారతీయ వైద్యసిద్ధాంతమునుగూర్చి 1949లోనే గ్రంథము వెలువరించినవాడు. ఆ సంస్థలో ఒకవైపున తాళపత్రములు, వేరొకవైపున ఎండించి కాగితములపై అతికించిన మొక్కల నమూనాలు భద్రపరుపబడియున్నవి. పుదుచ్చేరిలోని శైవ తాళపత్రములను 2005లో యునెస్కోవారు ప్రపంచస్మృతి పట్టికలో చేర్చిరి. మొక్కల నమూనాలు 20,000కు మించియున్నవి. పత్రమనగా తాటియాకును, పత్రమనగా చెట్టాకును, రెండును ఒకే కప్పు క్రింద నుండవలెనని ఒక వైద్యపండితునికి తోచిన ఆలోచన ఈనాటి మన సభకు పునాదివంటిది.

ఇక నన్ను ఈ మార్గమునకు మరల్చిన సంగతిని విన్నవించెదను. ఇరువది యేండ్ల క్రిందట మా తల్లిగారు తమ కడపటి సంవత్సరములను ఈ ఊరనే నా యింట గడపిరి. క్రమముగా ఆమెకు నా పేరు స్ఫురించుట మానినది. 'నాయనా' యని మాత్రమే పిలుచుచుండిరి. ఒకనాటి ఉదయమున గుబేర్ మార్కెట్టులో ఆకుకూరల గంప యెదుట నిలిచి, కూరలమ్మి 'వల్లారై' యని చెప్పుచున్న కట్టనుండి ఒక ఆకును తీసి, గుర్రపుడెక్కవలె నున్న దాని అంచున గల సన్నని నొక్కులమీదుగా బొటనవ్రేలిని నడపి, 'సరస్వతాకు. లేతగా ఉంది. పచ్చడి చేసుకోవచ్చు' అని పలికిరి. కన్నకొడుకు పేరు జారిపోయిన చిత్తమున ఒక ఆకు పేరు చెక్కుచెదరక నిలిచియుండెను.

ఆ రోజులలోనే ఆప్తుల సలహామేరకు 'బ్రాహ్మి' యను పేర అమ్ముచున్న చూర్ణమును ఆమెకు వాడుచుంటిమి. డబ్బామీది సన్నని అక్షరములను ఒకనాడు భూతద్దముతో చదువగా, అందున్నది ఆ మార్కెట్టులోని సరస్వతాకేయని తెలిసినది. వేరొక దుకాణమున కొనిన బ్రాహ్మి డబ్బామీద వేరొక లాటిన్ నామమున్నది. నేను ఇంటికి వచ్చి, నా జీవితకాలమంతయు శ్రమించి కూర్చిన పదపత్రములను తెరచి 'సరస్వతి' యను పదము చూచితిని. ఇతరార్థముల తరువాత చివరనున్న అర్థము: ఓషధీవిశేషము. అంతియే. మా తల్లి బొటనవ్రేలికి తెలిసినది నా నిఘంటువునకు తెలియలేదు. ఆ రాత్రి కలిగిన వేదనయే నన్ను ఈ సభవరకు నడిపించినది.

సభాసదులారా! చరకాచార్యుడు మేధ్యరసాయనములుగా నాలుగింటిని పేర్కొన్నాడు: మండూకపర్ణి స్వరసము, పాలతో యష్టిమధుచూర్ణము, గుడూచి స్వరసము, శంఖపుష్పి కల్కము. మన యిండ్ల భాషలో మొదటి మూడును సరస్వతాకు, అతిమధురము, తిప్పతీగ. నాలుగవదానికి వచ్చునప్పటికి చిక్కు ప్రారంభమగును. శంఖపుష్పి యను పేర ఒకచోట కాన్వాల్వులస్ జాతి మొక్కను, మరియొకచోట మన విష్ణుక్రాంతను, వేరొకచోట కంచెలమీద నీలముగా పూచు శంఖపుష్పపు తీగను వాడుచున్నారు. మూడును వేర్వేరు మొక్కలు. మూడింటిలోని రసాయనములును వేర్వేరు. ఒకదానిపై చేసిన పరీక్షాఫలితమును మరియొకదానికి అంటగట్టుట శాస్త్రమునకు ద్రోహము, రోగికి అపచారము.

బ్రాహ్మి విషయమును కొంత నిదానముగా పరిశీలింతము. కేరళ వైద్యులు బ్రాహ్మి యనునది కాలువగట్ల తడిలో ప్రాకు, దళసరి చిన్నాకుల, చేదురుచి గల నీరుబ్రాహ్మి. శాస్త్రనామము బకోపా మొన్నియేరి. ఉత్తరదేశమున పెక్కుచోట్ల బ్రాహ్మి యనునది మన సరస్వతాకే. శాస్త్రనామము సెంటెల్లా ఏసియాటికా. ఇది కొత్తిమీర కుటుంబమునకు చెందినది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమున దశాబ్దములపాటు పరిశోధించి బాకోసైడులు అను సారములను వేరుచేసినది నీరుబ్రాహ్మినుండియే. అమెరికాలో 65 ఏండ్లు నిండిన 54 మందిపై 12 వారములు జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలో, దినమునకు 300 మిల్లీగ్రాముల నీరుబ్రాహ్మి సారమును పుచ్చుకొన్నవారు, విన్న మాటలను కొంతసేపటి తరువాత జ్ఞప్తికి తెచ్చుకొనుటలో, ఉత్తి మాత్రలు మ్రింగినవారికంటె మెరుగుగా నుండిరి. ఇది ఆశాజనకమే; కాని వారు ఆరోగ్యవంతులు, సంఖ్య స్వల్పము, కాలము మూడు నెలలు. దీనినిబట్టి స్మృతిభ్రంశము కుదురునని చెప్పుట తొందరపాటు. దీనిని సరస్వతాకు డబ్బామీద అచ్చువేయుట అసత్యము.

పేరు తప్పినచో ప్రమాదమును కలదు. 2021లో ముంబాయి వైద్యులు తిప్పతీగ వాడిన కొందరి కాలేయము దెబ్బతినినదని ప్రకటింపగా, వారు పుచ్చుకొన్నది నిజముగా మన తిప్పతీగయా, లేక దాని జ్ఞాతియైన టినోస్పోరా క్రిస్పాయా యను వివాదము చెలరేగినది. ఆ తీగముక్కనొకదానిని ఎండించి దాచియుంచియున్నచో వివాదమునకు తావుండెడిది కాదు.

పేరును వస్తువును కలిసిన చోట ఎంతటి మేలు కలుగునో చూపుటకు దూలగొండిని మించిన ఉదాహరణము లేదు. పల్లెలో పెరిగిన ప్రతివానికిని ఆ కాయమీది బంగారువన్నె నూగు ఒడలికి తగిలిన మంట జ్ఞప్తియందుండును. పేడయో బూడిదయో రాచుకొని ఏడ్చిన బాల్యము మనదే. ఆ కాయలోని గింజలనుండి 1937లో చెన్నపట్టణ విశ్వవిద్యాలయ జీవరసాయనశాలలో దామోదరన్, రామస్వామి యను ఇరువురు శాస్త్రజ్ఞులు ఎల్‌-డోపా యను పదార్థమును వేరుచేసి ప్రకటించిరి. మరి పాతికేండ్ల తరువాతగాని పార్కిన్సను వ్యాధిలో మెదడునందు డోపమిను క్షీణించుననియు, ఆ లోటును తీర్చునది ఈ ఎల్‌-డోపాయే యనియు లోకమునకు స్పష్టము గాలేదు. మన వైద్యులు కంపవాతమని పిలిచిన ఆ వ్యాధికి నేటికిని ప్రధానౌషధము అదియే. దురద పుట్టించు తీగలో వణకు మాన్పు శక్తి యున్నదని నిరూపించుటకు వలసినవి మూడు: ఏ మొక్కయో నిశ్చయముగా తెలియుట, అందు ఏ పదార్థమున్నదో వేరుచేయుట, మెదడులో ఏమి జరుగుచున్నదో గ్రహించుట. వీనిలో ఏది లోపించినను తక్కిన రెండును నిష్ప్రయోజనములు.

పెన్నేరు, అనగా అశ్వగంధ, మరియొక పాఠమును నేర్పుచున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, మానేసరులోని జాతీయ మెదడు పరిశోధనాకేంద్రమును తీర్చిదిద్దిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్‌గారును, వారి సహచరులును 2012లో ఒక విచిత్రమును ప్రకటించిరి. ఆల్జీమరు లక్షణములు కలిగించిన ఎలుకలకు ముప్పది దినములు పెన్నేరు వేరు సారమును పట్టగా, వాని మెదడున పేరుకొన్న ఎమిలాయిడు అను పదార్థము తగ్గి, అవి మరచిన దారులను మరల నేర్చుకొనెను. అయితే ఔషధము పనిచేసినది మెదడులో గాదు, కాలేయములో! అచ్చట ఎల్‌ఆర్‌పీ యను ప్రోటీను పెరిగి, రక్తములోని ఎమిలాయిడును లాగివేయుటచేత మెదడు తేటపడినది. కాలేయమున ఆ ప్రోటీనును అణచివేసినంతనే ఫలము పోయినది. తలకు మందు తలకే పూయవలెనను సామాన్యబుద్ధిని ఈ పరిశోధన సవరించినది. కాని ఎలుక ఎలుకయే. మనుష్యునికి ఈ మేలు సిద్ధించునని చెప్పుటకు మనుష్యులపై దీర్ఘకాలిక పరీక్షలు కావలెను.

దీర్ఘపరీక్ష యెంత కఠినమైన న్యాయమూర్తియో గింకో వృత్తాంతము చెప్పును. చీనాదేశపు ఆ చెట్టాకు స్మృతిని కాపాడునని లోకమంతయు నమ్మినది. అమెరికాలో 75 ఏండ్లు దాటిన 3,069 మందిపై ఆరేండ్లు జరిపిన పరీక్షయొక్క ఫలితము 2008లో వెలువడినప్పుడు, ఆ సారము డిమెన్షియాను నివారింపలేదని తేలినది. ఇది ఓటమి గాదు, సత్యము. మరియొకవైపున, మంచుతెరలను చీల్చుకొని పూచు స్నోడ్రాప్ దుంపలనుండి బల్గేరియావారు తెచ్చిన గాలంటమిను, అదే కఠినపరీక్షలో నెగ్గి ఆల్జీమరు రోగులకు నేడు వైద్యులు వ్రాయు మందయినది. పసిబిడ్డ నాలుకకు మన తల్లులు అరగదీసి రాయు వసకొమ్ములో ఏసరోను అను పదార్థముండి, జంతువులలో పుట్టకురుపు పుట్టించుటచేత అమెరికావారు 1968లో దానిని ఆహారమున నిషేధించిరి. చరకుని నాల్గింటిలోనిదైన అతిమధురము కూడ మితిమీరినచో రక్తపుపోటును పెంచును. ప్రాచీనమైనదెల్ల అమృతము గాదు. ప్రాచీనమని త్రోసివేయదగినదియు గాదు.

మన దేశమున అరువది దాటినవారిలో నూటికి 7.4గురు, అనగా 88 లక్షలమంది, డిమెన్షియాతో బాధపడుచున్నారని 2023లో వెలువడిన అంచనా. ఇంతమంది యిండ్లలో నేడు ఏదో ఒక ఆకు, ఏదో ఒక చూర్ణము, ఆశతో నోటికందింపబడుచున్నది. ఆ ఆశకు మనము బాధ్యులము.

కావున సాహితీపరులారా! మన కర్తవ్యమేమి? సామర్లకోటలో నివసించి తెలుగుదేశపు మొక్కలను చిత్రింపించిన రాక్స్‌బరో మహాశయుడు, 1795నుండి వెలువడిన తన కోరమాండల్ తీర వృక్షగ్రంథమున తెలుగు పేర్లను శ్రద్ధగా పొందుపరచెను. ఆ శ్రద్ధవలననే మన సోమిద చెట్టు పేరు 'సోయ్మిడా'యై నేటికిని ప్రపంచ వృక్షశాస్త్రమున నిలిచియున్నది. పరదేశి చేసిన పనిని మనము కొనసాగింపవలదా? నా ప్రార్థన యిది: మీలో ప్రతియొక్కరును మీ ఊరి పెద్దలయొద్ద, మందులు తెచ్చు చెంచుల యొద్ద, కోయల యొద్ద, కూరలమ్ముల యొద్ద కూర్చుండి ఒక్కొక్క మూలిక పేరును విని, ఆ మొక్క కొమ్మను పూవుతో కాయతో సహా ఎండించి, కాగితమునకు కుట్టి, చెప్పినవారు పలికిన పేరును, పెరిగిన తావును, తేదిని అడుగున వ్రాసి వృక్షశాస్త్రజ్ఞునికి అందింపుడు. యానామునుండి వచ్చిన మిత్రులు గోదావరి గట్లనుండి ప్రారంభింపవచ్చును. నమూనా లేని నామము నిరాధారము. నామము లేని నమూనా మూగది.

మా తల్లిగారు పోయి చాలకాలమైనది. ఆమె స్మృతిని ఏ చూర్ణమును తిరిగి తేలేదు. నా నిఘంటువు రెండవ కూర్పు సిద్ధమగుచున్నది. అందు 'ఓషధీవిశేషము' అని వ్రాసిన ప్రతిచోటను ఆ మాటను కొట్టివేసి, ఆకు ఆకారమును, రుచిని, శాస్త్రనామమును, పలికిన ఊరిని వ్రాయుచున్నాను. మొదట సవరించిన పదము 'సరస్వతి'. దాని యెదుట ఇప్పుడిట్లున్నది: 'గుర్రపుడెక్కవంటి ఆకు, అంచున నొక్కులు, పచ్చడికి పనికివచ్చును'.