నాణేఘాట్‌ దాకా నడక



కొండ ఎక్కడమంటే మనకు తిరుమల మెట్లో, సింహాచలం మెట్లో గుర్తొస్తాయి. మొక్కు ఉంటే తప్ప ఆడవాళ్ళం కొండ ఎక్కం. మొక్కూ లేదు, ముడుపూ లేదు, ఊరికే నడిచి రావడానికి వెళ్తున్నామంటే ఇంట్లోవాళ్ళు మన ముఖంకేసి అదోలా చూస్తారు. చూస్తే చూశారులెమ్మని మొన్న డిసెంబరులో మేం కల్యాణ్‌లో ఉండే తెలుగువాళ్ళం ఐదుగురం నాణేఘాట్‌కి వెళ్ళివచ్చాం.

ఘాట్‌ అంటే మన కనుమే. రెండు కొండల నడుమ దారి. నాణెం అన్న మాట మరాఠీవాళ్ళకీ మనకీ ఒకటే. పూర్వం కల్యాణ్‌, సోపారా రేవుల్లో దిగిన సరుకు ఎద్దుల మీదా గాడిదల మీదా ఈ కనుమ ఎక్కి జున్నర్‌కీ, అక్కణ్ణించి పైఠాన్‌కీ చేరేది. పైఠానంటే శాతవాహనుల ప్రతిష్ఠానపురమేనండీ. దారి సుంకం కనుమ దగ్గర వసూలు చేసేవారట. అందుకే ఆ పేరు.

మా బృందంలో మూడో అంతస్తు అక్కయ్యగారు ఉన్నారు. వారి భర్త పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి కూరల బజారు, బ్యాంకు తప్ప మరో గడప తొక్కలేదు. "నేనెందుకు లెండి, మీరు వెళ్ళిరండి" అన్నారు. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు" అని కొడుకూ అడ్డుపడ్డాడు. మేం వాదించలేదు. "పులిహోర మీరు కలిపితేనే బాగుంటుంది, డబ్బా మాత్రం మీదే" అన్నాం. తెల్లవారుజామున డబ్బాతోపాటు ఆవిడా కిందికి దిగారు!

కల్యాణ్‌లో బస్సెక్కి, ముర్బాడ్‌ మీదుగా మాల్‌షేజ్‌ ఘాట్‌ వైపు వెళ్తూ వైశాఖరే దాటాక కొండ కింద దిగాం. మొదట చెట్ల నీడన సమంగా సాగుతుంది దారి. సగం దాటాక రాళ్ళు పరిచిన మెట్ల దారి మొదలవుతుంది. కుర్రవాళ్ళు రెండు గంటల్లో ఎక్కేస్తారు. మాకు మూడు దాటింది. ఆగాం, కూర్చున్నాం, కోడళ్ళ గురించి మాట్లాడుకున్నాం, మళ్ళీ లేచాం. పోటీ ఎవరితో గనక?

కనుమ కాస్త దూరంలో ఉందనగా కొండలో తొలిచిన గుహ వస్తుంది. చదరంగా పెద్ద గదిలా ఉంటుంది. గోడల మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం. 1828లో సైక్స్‌ అనే ఆంగ్లేయుడు దాన్ని చూసి లోకానికి తెలియజెప్పాడు. శాతకర్ణి మహారాజు భార్య నాగనిక పేర చెక్కించిందని పండితులంటారు. ఒకప్పుడు ఆ గోడకు రాజు, రాణి, యువరాజుల బొమ్మలు ఉండేవి. బొమ్మలు అరిగి పోయాయి, పైన పేర్లు మిగిలాయి. వరసలో మొదటి పేరు సిముకుడు. మన కోటిలింగాలలో దొరికిన నాణేల మీద ఉన్న పేరూ ఇదే. అంత దూరం వెళ్ళి చుట్టాల ఇల్లు చూసినట్లయింది నాకు.

వెళ్ళేముందు చదువుకున్నదంతా వాళ్ళకు చెప్పాను. భర్త పోయాక, పిల్లలు చిన్నవాళ్ళు కావడంతో, నాగనికే రాజ్యం చూసుకుందని చరిత్రకారుల మాట. నెలల తరబడి ఉపవాసాలు చేస్తూ ఇంట్లోనే తాపసిలా బతికిందని ఆ శాసనమే చెబుతుంది. చేసిన యజ్ఞాలు, ఇచ్చిన దక్షిణలు కూడా అందులోనే ఉన్నాయి. ఒకచోట ఆవులు 11,000, గుర్రాలు 1,000, అంతా అంకెలతో సహా. మన దేశంలో దొరికిన అతి పాత అంకెల్లో ఇవి కొన్ని. ఇంటి పద్దు రాసుకునే మనబోటివాళ్ళకు ఆ సంగతి తమాషాగా ఉండదూ?

అక్కయ్యగారు గోడ దగ్గరగా వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. "ఉపవాసాలూ చేసింది, లెక్కలూ చూసుకుందన్నమాట" అన్నారు. కాసేపటికి, "మావారి ఎల్‌ఐసీ కాగితాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయమ్మా. అబ్బాయి చూస్తానంటే వద్దన్నాను. సోమవారం నేనే వెళ్తాను" అన్నారు. మేమెవ్వరం మాట్లాడలేదు. నీళ్ళ సీసా అందించాను.

గుహ దాటాక రెండు రాతిగోడల మధ్య ఇరుకు దారి. చల్లటి గాలి ఈడ్చి కొడుతుంది. వానాకాలంలో ఆ గాలికి కిందపడే జలపాతం నీళ్ళు మళ్ళీ పైకి ఎగురుతాయి. చూడ్డానికి జనం విరగబడతారు కానీ, అప్పుడు మెట్లు పాచిపట్టి జారతాయి. మన వయసువాళ్ళకు చలికాలమే మేలు. పైన పెద్ద రాతి తొట్టి ఉంది. సుంకం నాణేలు అందులో వేసేవారని చెబుతారు. దాని పక్కనే కూర్చుని పులిహోర తిన్నాం. ఎదురుగా కొంకణం అంతా విస్తరి పరిచినట్లుంది.

వెళ్ళదలచినవాళ్ళకు రెండు మాటలు. చెప్పులతో వెళ్ళకండి, కాన్వాస్‌ బూట్లు వేసుకోండి. చీరకు సిగ్గుపడి మానకండి, మాలో ఇద్దరు చీరల మీదే ఎక్కారు. దారిలో దుకాణాలుండవు కనుక తలా రెండు సీసాల నీళ్ళు ఉండాలి. కోతులున్నాయి, డబ్బా గట్టిగా మూత పెట్టుకోండి. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే మోకాళ్ళకు శ్రమ. చేతికర్ర ఉంటే నయం. చీకటి పడకముందే కిందికి చేరాలి.

ఎదురుగా జీవధన్‌ కోట కనిపిస్తుంది. అది మాత్రం మా మోకాళ్ళకు అందేది కాదు. వచ్చే చలికాలం మరో కనుమ చూద్దామనుకున్నాం. అక్కయ్యగారు ఒప్పుకున్నారు గానీ, ఈసారి పులిహోర మమ్మల్నే కలుపుకోమన్నారు.